కుంకుమ పెట్టిన ఫ్లాపీ

పోయిన శుక్రవారం పొద్దున మా టైపు ఇన్‌స్టిట్యూట్ సారు పోయారు. ఆయన కూతురు ఆదోని నుంచి ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయినాడు. ఉగ్గాని తిని, చెయ్యి కడుక్కుందామని లేసి, మళ్ల కూసున్నాడు. అంతే" అంది. ఏడుస్తూనే, "ఉప్పు తక్కువైందని కూడా సెప్పినాడక్కా" అని చేర్చింది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. తప్పు ఎక్కడున్నా సారు చెప్పకుండా ఉండరు, చెప్పినందుకు ఎదుటివాళ్లకు కోపమూ రానివ్వరు. ఆఖరి మాట కూడా దిద్దుబాటే అయింది.

ఆ మధ్యాహ్నానికే ఆదోని వెళ్లాను. వాకిట్లో నిలబడినవాళ్లలో సగం మంది ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లే. కోర్టు గుమాస్తాలు, పత్తి మిల్లుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు, ఒక పంతులమ్మ, ఒక తహశీల్దారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. నిండుగా బతికి, తిని, ఉప్పు తక్కువైందని చెప్పి పోయిన మనిషి. నాకు మాత్రం ఆయన గురించి ఒక సంగతి చెప్పకపోతే తోచడం లేదు. అందులో నా తెలివితక్కువతనం కూడా ఉంది కాబట్టి ఇన్నేళ్లూ దాచుకున్నాను. ఇక దాచి ఏం చేసుకోను?

మాది ఆస్పరి దగ్గర పల్లె. డెబ్బైల చివర్లో ఇంటర్ అయ్యాక మా నాయన నన్ను బస్సెక్కించి తెచ్చి సారు ముందు నిలబెట్టాడు. "ఈ పిల్లకు నోరెక్కువ సార్. చేతులకు పని కల్పించండి" అన్నాడు. సారు నా వేళ్లు చూసి, "నోరు ఉండనీలెప్పా, అదీ పనికొస్తాది" అన్నారు. మూడు పాత మిషన్లతో మొదలుపెట్టిన ఇన్‌స్టిట్యూట్ అప్పటికి పన్నెండు మిషన్లయింది. అక్షరాల మీద టవల్ కప్పి కొట్టించేవారు. తప్పు కొట్టిన కాగితాన్ని ఉండ చుట్టి పారేస్తే ఊరుకునేవారు కాదు. "యాడ తప్పు పోయినావో అది సెప్పేది ఆ కాగితమే. దాన్ని పారేస్తే ఇంక నిన్నెవరు దిద్దుతారమ్మా?" అనేవారు. నా చేత ఒక్క ఉత్తరాన్ని పదకొండుసార్లు కొట్టించిన రోజుంది. పన్నెండోసారి మిషన్ మీద గుద్దితే, మెల్లగా వచ్చి, "మిషన్‌కు కోపం రాదు, మనకే వస్తాది. అందుకే అదే గెలుస్తాది" అన్నారు. టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాక అక్కడే నేర్పించడానికి కుదిరిపోయాను.

ఎనభైల చివర సారు కంప్యూటర్ తెచ్చారు. ఆదోనిలో చాలామందికి అది వింత. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవారు. అందులో ఏదీ నిలవ ఉండేది కాదు. ముందు భాగంలో రెండు గాట్లు. ఒకదాంట్లో మిషన్‌ను నడిపించే డాస్ ఫ్లాపీ పెట్టాలి, రెండోదాంట్లో మన పని ఉన్న ఫ్లాపీ పెట్టాలి. కరెంటు పోతే మళ్లీ మొదటికి. "దీనికి నోర్లు రెండు, కడుపు లేదు" అని సారు నవ్వేవారు. ఆ కడుపు కోసమే ఒకరోజు బెంగళూరు పోయి హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చారు. థర్మోకోల్ పెట్టెను బస్సులో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకునే వచ్చారట. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పెట్టెను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంటే, పక్కనున్నావిడ, "పసిబిడ్డా అన్నా?" అని అడిగిందట.

తెచ్చారు కానీ బిగించలేదు. దసరా వారంలోకి వచ్చింది. విజయదశమి నాడు మొదలుపెడితే మంచిదని ఆపారు.

అదే సమయంలో ఎమ్మిగనూరు నుంచి ఒక పని వచ్చింది. అక్కడి ఒక నేతవాళ్ల వీధికి సర్కారువాళ్లు ఇళ్ల స్థలాలు ఇస్తామన్నారు. ఆ వీధివాళ్ల పేర్లు వరుసగా అచ్చు వేసి దశమి మర్నాటి ఉదయానికి కర్నూలు ఆఫీసులో ఇవ్వాలి. ఆ రోజు దాటితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. మేం కంప్యూటర్లో చేసి ఇస్తామని సారు మాటిచ్చారు. వాళ్ల నేత సంఘం గుమాస్తా ఇల్లిల్లూ తిరిగి పుస్తకంలో రాసుకొచ్చిన పేర్లన్నీ నేనే కొట్టాను. ఫ్లాపీ మీద సారు తన చేత్తో 'నేతవారు - 184' అని రాశారు. దానికి ఒక నకలు కూడా తీసి పెట్టారు.

మహర్నవమి సాయంత్రం ఆయుధపూజ. సారు మంగళహారతి సామాన్లు సర్దుతూ, "అమ్మా, బొట్లు నువ్వు పెట్టు. దేన్నీ మర్సిపోవద్దు" అన్నారు. పన్నెండు టైపు మిషన్లకూ పెట్టాను. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, స్టెబిలైజర్‌కు పెట్టాను. ఫ్లాపీల దగ్గరికి వచ్చాను. కవరు మీద పెడితే కవరుకు పూజవుతుంది కానీ ఫ్లాపీకి ఎలా అవుతుంది? బయటికి తీశాను. నల్లటి అట్టలో కోలగా ఒక సందు, దాంట్లోంచి మెరుస్తూ లోపలి బిళ్ల. నుదురు అదే అనుకున్నాను. ఆ మెరిసే చోట వేలు తగలకూడదని సారు మొదటిరోజే చెప్పి ఉన్నారు. నాకు బాగా గుర్తుంది. అందుకే వేలితో పెట్టలేదు. అగ్గిపుల్లతో పెట్టాను. పసుపు తడిపి ఒక బొట్టు, దాని మీద కుంకుమ. అన్నిటికీ. నకలు తీసి ఉంది కదా అని మీరు అంటారు. దానికీ పెట్టాను.

దశమి ఉదయం సారు స్నానం చేసి, మిషన్ మూత విప్పి, హార్డ్ డిస్క్‌ను లోపల కూర్చోబెట్టి, దాని కార్డు బిగించి, వైర్లు తగిలించారు. నేను మరలు ఒక్కొక్కటే అందించాను. అంతా అయ్యాక డాస్ ఫ్లాపీ పెట్టి స్విచ్ వేశారు. లోపల గరగరమంది. తెర మీద ఏమీ రాలేదు. బయటికి తీసి చూశారు. మెరిసే బిళ్ల మీద ఎర్రగా, గుండ్రంగా ఒక గీత.

"ఎవరమ్మా పెట్టింది?"

"నేనే సార్."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ సార్. వేలు తగల్లే సార్, అగ్గిపుల్లతో పెట్టినా."

సారు నా మొహం వైపు చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి పట్టుకుని, స్టూలు మీద కూలబడి నవ్వారు. ఎంతసేపు నవ్వారో! "తప్పు నాదేలేమ్మా. వేలు తగలద్దన్నా గానీ, కుంకుమ తగలద్దనలేదు" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

గుమాస్తా పుస్తకం తెప్పించవచ్చు కదా అని అడిగాను. పుస్తకం సంఘం బీరువాలో, బీరువా తాళం గుమాస్తా మొలతాడుకు, గుమాస్తా పండక్కి అత్తగారింట్లో. ఆ అత్తగారి ఊరు హాలహర్వి దాటి కన్నడ దేశంలో ఎక్కడో ఉందని తప్ప సంఘంలో ఎవరికీ తెలియదు.

"కడుగుదాం" అన్నారు సారు. ఫ్లాపీని కడగడమేమిటని నేను నోరు తెరిచాను. బ్యాటరీ షాపు నుంచి బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు తెప్పించారు. ఎమ్మిగనూరు మెత్తటి తువ్వాలు చింపి ముక్కలు చేశారు. ముందు నకలు మీద చూద్దామని దాని అట్ట అంచును బ్లేడుతో కోశారు. బ్లేడు జారి లోపలి బిళ్ల మీద గీత పడింది. అది ఇక పనికిరాదు. "నీ వంతు అయిపోయ, ఇది నా వంతు" అన్నారు, అదేదో బొరుగుల పొట్లం పంచుకున్నట్టు. అసలుదాన్ని మాత్రం నిదానంగా కోశారు. బిళ్లను రెండు వేళ్లతో అంచు పట్టి బయటికి తీసి, నీళ్లలో ముంచి, గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టి, కొత్త ఖాళీ ఫ్లాపీ అట్టలోకి ఎక్కించారు. డాస్ ఫ్లాపీకీ అంతే. గరగరమన్న గాటు లోపల స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచారు. ఆదోనిలో దూదికి కొరతా?

డాస్ ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే, ఈసారి గొణిగి గొణిగి మిషన్ లేచింది. ముందు కొత్త డిస్క్‌ను సిద్ధం చేయాలి. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతుంటే మేం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటూ చూశాం. తర్వాత డాస్‌ను అందులోకి ఎక్కించి, ఫ్లాపీ బయటికి తీసేసి, మిషన్ ఆపి మళ్లీ వేశారు. నోట్లో ఏమీ లేకుండా అదంతట అదే లేచి, తెర మీద 'సి' అని చూపించింది. సారు బజ్జీ చెయ్యి తుడుచుకోవడం కూడా మర్చిపోయి దండం పెట్టారు.

ఇక జాబితా ఫ్లాపీ. కడిగిన ఫ్లాపీ ఎంతసేపు బతుకుతుందో తెలియదు, అందులోంచి హార్డ్ డిస్క్‌లోకి తొందరగా దించాలి. కొంత చదివాక ఆగిపోయి, మానుకోవాలా, మళ్లీ చూడాలా, వదిలేయాలా అని ఇంగ్లీషులో అడిగేది. "మళ్ల సూడమని సెప్పు" అనేవారు సారు. మీట నొక్కేదాన్ని. మళ్లీ అడిగేది. "అది అడిగినన్నిసార్లు సెప్పు. మనకేమన్నా బరువా?" ఎన్నిసార్లు నొక్కానో! ఒక్కో నొక్కుకు నాలుగైదు పేర్లు వచ్చేవి. చివరికి నూట అరవై ఒక్క పేర్లు దిగాయి. మిగిలినచోట చుక్కలూ పిచ్చి గీతలూ వచ్చాయి. ఎన్నిసార్లు అడిగినా అవి పేర్లు కాలేదు. బొట్టు కింద ఇరవై మూడు ఇళ్లు పోయాయి. పోగొట్టింది నేను.

వచ్చినంతవరకు అచ్చు తీసి, మేమిద్దరం మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు వెళ్లాం. దారిలో పొలాల గట్ల మీద జనం జమ్మి పూజకు బన్ని చెట్టు దగ్గరికి పోతున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ, వాళ్లకు ఏమని చెప్పాలో వెతుక్కుంటున్నాను. "ఉన్నది ఉన్నట్టు సెబుదాం" అన్నారు సారు, నేను అడగకుండానే.

అలాగే చెప్పారు. నేతవీధిలో ఒక అరుగు మీద నిలబడి, బొట్లు పెట్టమన్నది తానేనని, ఇరవై మూడు పేర్లు చెరిగిపోయాయని చెప్పారు. నన్ను వేలెత్తి చూపలేదు. "ఉన్న పేర్లు సదువుతా. ఎవరి పేరు సదవలేదో వాళ్లు సెయ్యెత్తండప్పా" అన్నారు. సంఘం పెద్ద, "మగ్గాలు ఆపండి, పేర్లు ఇనపడాల" అని కేకేశాడు. దశమికి కొత్త పడుగులు ఎక్కించి కూర్చున్నవాళ్లు లేచి వచ్చారు. సారు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకు ఒకరు "ఆఁ" అని ఇంటికి పోవచ్చు. ఎవరూ పోలేదు. పక్కింటివాళ్ల పేరు ఉందో లేదో చూసుకోవాలని నిలబడ్డారు. చదవడం అయిపోయాక ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. నేను రాసుకున్నాను. ఇరవై రెండు.

"ఇంకొకరు" అన్నారు సారు.

"అందరం ఈడనే ఉండాం సార్. లెక్క ఏమన్నా తప్పుందేమో" అన్నాడు పెద్ద.

"నా చేత్తో రాసినా. నూట ఎనభై నాలుగు."

ఆదోని బస్సుకు టైమవుతోంది. తిరిగి వెళ్లి పేర్లు చేర్చి అచ్చు తీయాలి. "ఒకటే కదా సార్" అన్నాను. ఆ మాట అన్నది నేనే. చెరిపింది నేను, ఒకటే కదా అన్నదీ నేను. సారు చెయ్యెత్తి అందర్నీ మాట్లాడవద్దన్నారు. వీధి సద్దుమణిగింది.

అప్పుడు వినపడింది. వీధి చివర ఎక్కడో ఒక మగ్గం ఆడుతూనే ఉంది. పేర్లు చదివేటప్పుడూ ఆడుతూనే ఉండాలి, మేమెవరమూ పట్టించుకోలేదు.

"అది ఎవరి మగ్గమప్పా?"

సంఘం పెద్ద నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఆ ముసలామెకు సెవుడు సార్! ఒక్కతే ఉంటాది. మేమే మర్సిపోతిమి."

ఆ జాబితా మర్నాడు కర్నూలు చేరింది. స్థలాలు వచ్చాయి, ఇళ్లు లేచాయి. మా కంప్యూటర్ ఆ డిస్క్‌తోనే చాలాకాలం నడిచింది. కానీ సారు అనగానే నాకు గుర్తొచ్చేది అవేవీ కాదు.

ఆ చివరి ఇంట్లోకి సారు వంగి వెళ్లారు. వెనక వీధి మొత్తం వచ్చింది. ఆమె మగ్గం గుంటలో కూర్చుని, మాకు వీపు చేసి నేస్తోంది. సంఘం పెద్ద వెళ్లి ఆమె భుజం తట్టబోతే సారు వద్దన్నారు. ముందుకు వెళ్లి, మగ్గం కొయ్య మీద అరచెయ్యి ఆనించారు. అదురు మారింది కాబోలు, ఆమె నేత ఆపి తలెత్తింది. ఇంతమందిని చూసి కంగారుపడలేదు. సారు చేతిలో కాగితం చూపించి, ఆమె వైపు వేలు చూపించి, అడిగినట్టు తల ఆడించారు. పేరు నేను చెబుతానని పెద్ద ముందుకు వచ్చాడు. "ఆమెనే సెప్పనీప్పా" అన్నారు సారు.

ఆమె తన పేరు చెప్పింది. చెవిటివాళ్లు చెప్పినట్టు, గొంతెత్తి, చాలా గట్టిగా. ఒక్క మగ్గం కూడా ఆడని ఆ వీధిలో అది ఈ చివర నుంచి ఆ చివరికి వినపడింది.

"రాసుకోమ్మా" అన్నారు సారు. నేను రాశాను. ఆయన చెయ్యి ఇంకా ఆ మగ్గం కొయ్య మీదే ఉంది.