సినిమాలో లేని సీను

ఆ రోజుల్లో మా సుల్తానాబాద్‌లో సిగ్గు అనేది ఆడపిల్లలకు అందం, మగపిల్లలకు జబ్బు. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. చుట్టాలొస్తే వడ్ల గుమ్మి వెనక దూరేవాణ్ణి. బడిలో పేరు పిలిస్తే గొంతు పెగలక, బెంచీ మీద కూర్చునే గైర్‌హాజరైన ఘనుణ్ణి. ఊరంతా నన్ను 'ముంగి' అనేది. (మా అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం "మావోడు నెమ్మదస్తుడు" అని సర్దిచెప్పేది. అవ్వలు అందుకే ఉంటారు.) అలాంటి నన్ను, మెట్రిక్ పాసవగానే, ఇచ్చోడలో మా పెద్దబాపు నడిపే కిరాణా దుకాణంలో కూర్చోబెట్టాలని బాపు నిశ్చయించాడు. ఎవరైనా వచ్చి ఉప్పు అడిగితే నేను ఉప్పు బస్తా వెనక దాక్కుంటానన్న ఆలోచన ఆయనకు రాలేదు. నాకేమో కరీంనగర్ కాలేజీలో చేరాలని ఉంది. ఆ మాట చెబుదామని, పొద్దున్నే బాయి దగ్గర ఎడ్లకు నీళ్లు పెడుతున్న బాపు పక్కన వెళ్లి నిలబడేవాణ్ణి. "ఏందిరా?" అనేవాడు. "ఏం లే" అనేవాణ్ణి. ఇద్దరం ఎడ్లు నీళ్లు తాగడం చూసి ఇంటికొచ్చేవాళ్లం.

ఇలా ఉండగా మా మామ, అంటే అవ్వ తమ్ముడు, ఊరి బయట నడిపే డేరా టాకీసుకు ఒక కొత్త సినిమా తెచ్చాడు. దాని పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు, ఇన్నేళ్లలో దాన్ని చూశానన్నవాడు నాకొక్కడూ తగల్లేదు. అందులో పేరున్న హీరో లేడు, కత్తియుద్ధం లేదు. మొదటి ఆటకు వచ్చిన కాసిని మంది ఇసుకలో పడుకుని గుర్రుకొట్టారు. "తెర మీదికి ఒక దేవుడన్న రాలే గదనయ్యా ఒక్కసారి!" అని ఒకాయన పోతూ పోతూ మామను నిలదీశాడు. నేను మాత్రం కదల్లేదు. ఎందుకంటే తెర మీద ఉన్నది నేనే.

ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో నోరు విప్పలేని ఒక పిల్లవాడు, అంతే కథ. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి వాణ్ణి బడికి దారి అడుగుతుంది. వాడు కంగారులో ఎడమకు చూపిస్తాడు, బడేమో కుడివైపు. ఆ పిల్ల వెళ్లిపోయాక తెలుసుకుని, చేలకు అడ్డం పడి పరుగెత్తి, ఆమె కంటే ముందు మలుపు దగ్గర నిలబడి, రొప్పుతూ, ఒక్క మాట లేకుండా చేత్తో ఇటు అని చూపిస్తాడు. వాణ్ణి ఒక్కనాడూ ఎగతాళి చేయని పంతులు ఒకాయన ఉంటాడు. చివర్లో ఆయనకు బదిలీ అయి పడవెక్కుతాడు. వీడు ఒడ్డున నిలబడతాడు. కెమెరా వాడి గొంతు మీదే ఉంటుంది. గుటక మింగుతాడు, మళ్లీ మింగుతాడు. పడవ సగం ఏరు దాటాక "సార్!" అని ఒక్క కేక. పంతులు వెనక్కి తిరుగుతాడు. సినిమా అయిపోతుంది. ఎంత నమ్మకం ఉండాలి తీసినవాడికి, ఆ ఒక్క కేక కోసం సినిమా అంతా మనల్ని కూర్చోబెట్టడానికి!

మర్నాడు అంగడి, అంటే వారం సంత. అంగడినాడు కూడా జనం రాకపోతే డేరా ఎత్తేయాల్సిందేనని మామ తలపట్టుకున్నాడు. పైగా బండి మీద తిరుగుతూ సినిమా చాటే మనిషి తన బామ్మర్ది పెళ్లికి పోయాడు. మామ కళ్లు నా మీద పడ్డాయి. "ఫికర్ చెయ్యకురా అల్లుడా. జర అంగట్లకు పోయి 'రాండ్రి, సూడుండ్రి' అంటె అయిపాయె" అని గరాటులాంటి రేకు బోంగా ఒకటి చేతికిచ్చి నన్ను ఎడ్లబండి ఎక్కించాడు. అంగడి నడుమ బండి ఆగింది. బోంగా నోటికి పెట్టుకున్నాను. అందులోంచి నా ఊపిరి చప్పుడు మాత్రం గంభీరంగా వినిపించింది.

"ఏందిర పిలగా, సినిమా చెప్తున్నవా, పొయ్యి ఊదుతున్నవా?" అంది మిరపకాయలమ్మే ముసలవ్వ. చుట్టూ నవ్వులు. "గా సినిమాల ఏమున్నదో చెప్పు ముందు."

"ఒక... పిలగాడు ఉన్నడు" అన్నాను. "వానికి మాట్లాడొస్తది గని, మాట్లాడరాదు."

నవ్వులు ఆగాయి. అప్పుడొక విషయం కనిపెట్టాను. బోంగా ఎత్తిపట్టుకుంటే దాని వెనక నా ముఖం ఎవరికీ కనపడదు! ఇక చూసుకోండి. దారి చూపిన ముచ్చట చెప్పాను, పంతులు ముచ్చట చెప్పాను. ఆ ఊపులో ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ పిల్లవాడు చదువుకుంటానని తండ్రికి చెప్పలేక రోజూ బాయి దగ్గర నిలబడి, ఎడ్లను చూసి తిరిగొచ్చే ముచ్చట కూడా చెప్పేశాను. ముసలవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. (మిరపకాయల ఘాటేమో అనుకున్నాను. కాదట.)

ఆ సాయంత్రం డేరా కిక్కిరిసింది. మామ ముఖం వెలిగిపోయింది. మా బాపు కూడా వచ్చి కింద ఇసుకలో కూర్చున్నాడు. ఈసారి ఎవరూ నిద్రపోలేదు, "సార్!" అన్న కేకకు డేరా అంతా గప్‌చుప్. నేను గర్వంతో ఉబ్బిపోతుండగా ముసలవ్వ లేచింది.

"ఆగుండ్రి! బాయికాడి ముచ్చట ఏది? సదువుకుంటనని తండ్రితోని చెప్పలేక నిలవడ్డ ముచ్చట! గందుకే గద నేను గంప ఇడిచిపెట్టి ఉరికొచ్చిన!"

"అవును, రీలు కోసిండ్రు!" అని వెనక నుంచి ఒక గొంతు. డేరా గోలగోలైంది. "నీ కాల్మొక్త అవ్వా, ఏం కొయ్యలే!" అని మామ పరేషాన్ అయి నా వైపు తిరిగాడు. "అరే, గా సీను యాడికెల్లి తెచ్చినవ్‌రా?"

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. బోంగా కూడా దగ్గర లేదు.

అప్పుడు మా బాపు నెమ్మదిగా లేచి, ధోతి దులుపుకున్నాడు. నలుగురిలో మాట్లాడటం ఆయనకూ చేతకాదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది, గొంతు వణికింది. "గది సినిమాల లేదు" అన్నాడు. "మా బాయికాడ ఉన్నది."

ముసలవ్వే అడిగింది: "మరి గా తండ్రి ఏమన్నడు?"

బాపు నన్ను చూడలేదు. తెర వైపు చూస్తూ, "ఆయినకు ఇయ్యాల్నె గద తెలిసింది. సదువుకో పొమ్మంటడు" అన్నాడు.

ఇచ్చోడకు వెళ్లి 'మావోడు రాడు' అని అన్నకు చెప్పడానికి బాపుకు నోరు రాలేదు. ఆ పని అవ్వే చేసొచ్చింది. నేను కరీంనగర్ వెళ్లాను, చదివాను, చివరికి పాఠాలు చెప్పుకుని బతికాను. ఆ సినిమా మాత్రం ఎక్కడా మళ్లీ ఆడలేదు. గొప్ప సినిమాల గురించి ఎవరు మాట్లాడినా అది తలచుకుంటారేమోనని చెవి ఒగ్గి వింటాను, తలచుకోరు. అందులో వేసిన పిల్లవాడు మరే సినిమాలోనూ కనిపించలేదు. వాడు నటించలేదని, కెమెరా ముందు నిజంగానే సిగ్గుపడ్డాడని నా అనుమానం. ఎక్కడున్నాడో, ఇప్పుడు వాడికీ నాలాగే జుట్టు నెరిసి ఉంటుంది. ఎప్పుడైనా ఎదురుపడితే చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు: ఇద్దరం కాసేపు మా మా చెప్పుల వంక చూసుకుని, ఒక చాయ్ తాగి, ఎవరి దారిన వాళ్లం పోతాం.