జగిత్యాలలో రెండు జతల స్పీకర్లు

నా చెవుల మీద నాకు ఒకప్పుడు చెప్పలేనంత గర్వం ఉండేది. ముప్పై ఏళ్లు సిరిసిల్లలో సాంచాల మధ్యే బతికాను. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. మా కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఒక్కసారి కొడుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేవాళ్లు. నేను మాత్రం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని, చాయ్ ఊదుకుంటూ, "ఐదో సాంచ సక్కగ కొడ్తలేదు, పోయి సూడుండ్రి" అనేవాడిని. పోయి చూస్తే నిజంగానే ఐదోదానిలో ఏదో ఒక లోపం ఉండేది. ఆ పేరు గల్లీ అంతా పాకింది. పాకని ఇళ్లకు నేనే స్వయంగా పాకించాను.

మోకాళ్ల నొప్పులు మొదలై సాంచాలు నడపడం మానేశాక ఆ చెవులకు పని లేకుండా పోయింది. అట్లాంటి రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒకాయన రెండు పెద్ద స్పీకర్ల ముందు కళ్లు మూసుకుని కూర్చుని, వయొలిన్ ఎడమ పక్క ఉంది, తబలా రెండడుగులు వెనక ఉంది అని చెబుతున్నాడు. ఇంత చిన్న పనికి ఆయన్ను లక్షల మంది చూస్తున్నారు. ఇది నేను చాయ్ తాగుతూ చేసిన పనే కదా అనుకున్నాను.

అంతే, పిచ్చి పట్టింది. నెల తిరిగేసరికి ఆంప్లిఫయర్ల గురించి, ట్వీటర్ల గురించి ఎవరు దొరికితే వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. పాలు పోసే ఆయన మా ఇంటి ముందు బండి ఆపకుండానే ప్యాకెట్లు విసిరి పోవడం నేర్చుకున్నాడు. మంచి సౌండ్ "వెచ్చగా" ఉండాలని ఒక వీడియోలో విన్నాను. ఆ ముక్క మా ఆవిడకు చెప్పి, అట్లాంటి ఖరీదైన స్పీకర్లు కొంటానన్నాను. ఆమె ముందటి గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"సౌండు వెచ్చగ ఎట్లుంటది? పొయ్యి మీద పెడ్తరా?" అంది తల ఎత్తకుండానే. ఆ తర్వాత తల ఎత్తి అసలు మాట అంది. "టీవీ పెడ్తే గల్లి చివరిదాక వినవడ్తది. నీకు చెవులు వినవడక గంత మోత పెడ్తున్నవ్. నీకెందుకు గంత పిరం పెట్టెలు?"

ఇది మా ఇంట్లో పాత పంచాయితీ. నాకు చెవులు పోయాయని ఆమె అంటుంది. ఆమెకే మాట పోయిందని నేనంటాను. "నువ్వే నోట్లె నోట్లె గునుగుతున్నవ్, గట్టిగ మాట్లాడు" అని కొన్నేళ్లుగా రోజుకు నాలుగుసార్లయినా కసిరి ఉంటాను. కానీ గల్లీలో నలుగురికీ తెలిసిన నా చెవులను నా ఇంట్లోనే ఇట్లా అంటే నాకు మండింది. స్పీకర్లు కొనడం అటుంచి, ముందు ఈ కేసు గెలవాలి అనుకున్నాను.

మొదట కోరుట్ల పోయాను. అక్కడ నా చిన్నప్పటి సోపతి ఉన్నాడు. పంతులు ఉద్యోగంలో రిటైర్ అయ్యాక వచ్చిన పైసలన్నీ ఒక గదిలో పోశాడు. గోడలకు కంబళ్లు, కిటికీలకు మందపు పరదాలు, మధ్యలో ఒకే ఒక కుర్చీ. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒక పాట పెట్టాడు. తర్వాత స్పీకర్ వైరు మార్చి అదే పాట మళ్లీ పెట్టాడు.

"గిప్పుడెట్లున్నది?" అన్నాడు నా మొహంలోకి చూస్తూ.

నాకు రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి. "గిది జర వెచ్చగున్నది" అన్నాను.

"అగో! నేను గూడ గదే అనుకున్న" అన్నాడు. ఆయన మొహంలో అంత ఊరట ఎందుకు కనిపించిందో నాకు తర్వాత గానీ తట్టలేదు. ఆయనకు కూడా తేడా తెలియడం లేదు. నాకు తెలుస్తుందేమోనని ఆయన, ఆయనకు తెలుస్తుందేమోనని నేను, ఇద్దరం భయపడుతూ ఆ పొద్దంతా నాలుగు వైర్లు మార్చి, నాలుగింటికీ నాలుగు రకాల మెప్పులు చెప్పుకున్నాం. వచ్చేటప్పుడు జగిత్యాలలో తను కొన్న దుకాణం ఎక్కడుందో చెప్పాడు. "వదినెను గూడ తీస్కపో, ఇంట్ల పెట్టేదాయె" అన్నాడు. తీసుకుపోవాలనే నాకూ ఉంది. కేసు గెలిచేటప్పుడు అవతలి పార్టీ ఎదురుగా ఉండాలి కదా.

మరుసటి వారం ఇద్దరం పొద్దున బస్సుకు జగిత్యాల పోయాం. కింద ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మే దుకాణం. పైన మెట్లెక్కితే చల్లటి ఏసీ గది, మెత్తటి సోఫా, ఎదురుగా రెండు జతల స్పీకర్లు. ఒక జత బీరువాల్లాగా నిలువెత్తున ఉంది. రెండోది స్టాండ్ల మీద కూర్చోబెట్టిన చిన్న జత. చిన్న జతే ఎక్కువ ధర అని దుకాణం ఆయన చెప్పగానే నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను. మా ఆవిడ పెద్దవాటి వైపు, చిన్నవాటి వైపు చూసి, చీర కొనేటప్పుడు కొలత తక్కువైతే చూసే చూపు చూసింది.

రెండు గంటలు సాగింది ఆ బేరీజు. ఒక పాట ఇందులో, అదే పాట అందులో. నేను కళ్లు మూసుకోవడం, తెరవడం, చెయ్యి పైకెత్తి ఆపమనడం, సోఫా నాలుగంగుళాలు వెనక్కి జరపమనడం. దుకాణం ఆయన మంచివాడు, జరిపాడు. నా అనుభవం గురించి అడిగితే ఐదో సాంచా కథ చెప్పాను. అడగకపోతే రెండోసారి చెప్పాను.

చివరికి ఆయన, "సార్, గీ పాటతోని అసలు సంగతి తెలుస్తది" అంటూ ఇంకో పాట పెట్టాడు. ఒక ఆడమనిషి గొంతు, వెనక డప్పు. మంచి పాట. నేను కళ్లు మూసుకుని విన్నాను. గొంతు ఆగింది. డప్పు ఆగింది. పాట అయిపోయింది. కళ్లు తెరిచి, "మస్తుగున్నది" అందామని నోరు తెరిచాను.

దుకాణం ఆయన ఇంకా తల ఊపుతున్నాడు. పక్కన మా ఆవిడ చూపుడు వేలు సోఫా చేతి మీద సన్నగా తాళం వేస్తోంది. ఇద్దరూ దేన్నో వింటున్నారు. నాకు గదిలో ఏసీ మోత తప్ప ఇంకేమీ లేదు. ఆ వేలు ఎంతసేపు ఆడిందో తెలియదు, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. తర్వాత ఆగింది.

"చివర్ల గజ్జెలు ఏ జతల మంచిగున్నయి సార్?" అని అడిగాడు ఆయన.

"ఇంకోసారి పెట్టుండ్రి" అన్నాను. పెట్టాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఊపిరి బిగబట్టి విన్నాను. గొంతు, డప్పు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానికి మా ఆవిడ వేలు మళ్లీ ఆడింది. సాంచాల దెబ్బ, డప్పు దెబ్బ లాంటి మోటు చప్పుళ్లే నా చెవుల్లో మిగిలాయని, సన్నవి ఎప్పుడో వెళ్లిపోయాయని ఆ వేలు చూస్తుంటే అర్థమైంది. ఏడుపొచ్చినంత పనైంది. అయినా బుద్ధి పోనిస్తానా? "చిన్న జతల బాగున్నయి, ఇంటికి పోయి ఆలోచన చేస్తం" అని గొప్పగా చెప్పి మెట్లు దిగాను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆమె నా వైపు తిరిగి మురిసిపోతూ ఏదో ఒకటి అంటుందని చూశాను. అంటే తిరిగి తిడదామని కూడా సిద్ధంగా ఉన్నాను. ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఇక ఆగలేక నేనే అన్నాను.

"నాకు గజ్జెలు వినవడలే."

ఆమె కిటికీ వైపే చూస్తూ ఏదో అంది. మామూలుగా అయితే ఇట్లాంటప్పుడు నేను "ఊఁ" అనేసి ఊరుకుంటాను, లేకపోతే గునగవద్దని కసురుతాను. ఆ రోజు రెండూ చేయలేకపోయాను.

"ఏమన్నవ్? మల్ల చెప్పు" అన్నాను.

ఆమె నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "ఆకలైతుంది అన్న."

"ఎప్పటి సంది?"

"దుకాణంల చిన్నవి పెట్టినప్పటి సంది. గప్పుడు గూడ చెప్పిన."

"నేనేమన్న?"

"ఔ, బేస్ జబర్దస్తుగున్నది అన్నవ్."

ముందు నాకే నవ్వొచ్చింది. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత సిగ్గు మొదలైంది. అది ఇంకా పూర్తిగా పోలేదు.

వేములవాడ బస్టాండులో దిగి హోటల్లోకి పోయాం. ఆమెకు భోజనం వచ్చింది. ఇన్నేళ్లలో నాకు ఇంకా ఏమేం చెప్పావని అడగాలనుకున్నాను. ముందు తిననిచ్చాను.