నా బిడ్డ పరిచిన మంచం

డిగ్రీ చదువుతున్న మా చిన్న బిడ్డ ఎండాకాలం సెలవుల్లో హిమాచల్ కొండల మీద టూరిస్టులు దిగే ఒక క్యాంపులో హౌస్‌కీపింగ్ పనికి పోయింది. ఈ రోజు మొదటిసారి వీడియో కాల్ చేసింది. నా సంతోషం మాటల్లో చెప్పలేను మిత్రులారా. సిరిసిల్లలో మా షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపించి మరీ అందరికీ చూపించాను. ఫోన్‌లో ఆమె వెనక కిటికీలో మంచుకొండలు ఉన్నాయి. నేతపని చేసేవాణ్ణి కదా, నేను మాత్రం ముందు ఆమె పరిచిన తెల్ల దుప్పటినే చూశాను. ఎంత సాఫుగా పరిచిందో నా తల్లి.

“ఎంతసేపు నిలబడతవ్ బిడ్డా, ఆ మంచం మీద కూసొని మాట్లాడు,” అన్నాను.

“గిక్కడ కూసోవద్దు బాపు. ముడత పడ్తే సారు తిడ్తడు.”

“మరి నీ మంచమేది? అది చూపియ్.”

“మేం స్టోర్ రూంల నేల మీదనే పండుకుంటం. గక్కడ సిగ్నల్ రాదు.”

చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే తమ సాంచాల దగ్గరికి వెళ్లిపోయారు. నేను నవ్వుతూనే ఫోన్ పెట్టేశాను.

బతుకంతా బట్ట నేసినవాణ్ణి. నా బిడ్డ కూర్చోకూడని దుప్పటి కూడా ఉంటుందని ఈ రోజే తెలిసింది. అలాంటి గదుల్లో దిగినవాళ్లు మీలో ఉంటే చెప్పండి, పరిచిన పిల్ల ఒక్క నిమిషం కూర్చుంటే మీకు నిద్ర పట్టదా?