కమరున్నీసా నేర్పిన మొదటి మాట

తాడేపల్లిగూడెంలో మా ఎదురింటి కమరున్నీసా గారు బడిపిల్లలకి యూనిఫారాలు కుడతారు. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడితే ఆవిడ వరండాలో నీలం గుడ్డ, తెల్ల గుడ్డ గుట్టలుగా పడి ఉంటాయి. భర్త మీరావలి పోయి పదేళ్ళయింది. కూతురు మెహర్ కాపురం తణుకులో. నేను ముప్పైరెండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వీధిలో అందరికీ మాణిక్యం టీచర్‌నే.

రెండేళ్ళ కిందట మార్చి నెలలో ఉల్లిపాయల మార్కెట్లో కాపలా కాసే దిల్‌బహదూర్ ఎనిమిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని కమరున్నీసా గారింటికి వచ్చాడు. అతనిది నేపాల్. గూడెం వచ్చి ఆరేళ్ళయినా తెలుగు నాలుగు మాటలకి మించి రాదు. హిందీ మాట్లాడతాడు. మా వీధిలో ఆ భాష అర్థమయ్యేది ఉర్దూ మాట్లాడే కమరున్నీసా గారికే.

పిల్ల పేరు బినిత. వానాకాలంలో కొండచరియ విరిగిపడి ఆ పిల్ల తల్లి పోయింది. కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో ఉంచి, అక్కడ కుదరక తండ్రి ఇక్కడికి తీసుకొచ్చేశాడు. ఒక గౌను కుట్టమని అడగడానికి వచ్చాడు.

"ఏ బళ్ళో వేశావు?" అని అడిగారట కమరున్నీసా గారు.

"ఏ బళ్ళో వెయ్యాలో తెలీదు దీదీ. దీనికి ఇక్కడి మాట ఒక్కటీ రాదు."

మర్నాడే ఆవిడ వచ్చి నన్ను వెంటబెట్టుకుని, పిల్లని మా వార్డులో బడికి తీసుకెళ్ళారు. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడ. కాగితాలు తర్వాత చూసుకుందాం, జూన్‌లో తీసుకురండి అంది. పిల్లని దగ్గరికి పిలిచి పేరడిగింది. బినిత నేలకేసి చూస్తూ నిలబడింది. రెండోసారి అడిగితే కమరున్నీసా గారి చీరకొంగు పట్టుకుంది.

"ఈలోగా కాస్త తెలుగు మాటలు అలవాటు చెయ్యండమ్మా. లేకపోతే పిల్ల నలిగిపోతుంది," అంది హెడ్‌మిస్ట్రెస్.

దారిలో నేను, "నా దగ్గరికి పంపండి, అక్షరాలు నేను దిద్దిస్తాను," అన్నాను. మా గుమ్మం దాకా వచ్చాక కమరున్నీసా గారు అడిగారు.

"నాకూ నేర్పుతారాండి?"

నాకు అర్థం కాలేదు. ఈవిడ కుట్టిన జేబుల మీద బడి పేర్లు దారంతో ఎంత ముచ్చటగా ఉంటాయో ఊరంతా చెప్పుకుంటుంది.

"అవి చూసి బొమ్మలా కుడతానండి. ఏది ఏ అక్షరమో తెలీదు," అన్నారు.

ఎదురెదురు ఇళ్ళలో ఇన్నేళ్ళున్నాం. నాకా సంగతి తెలియదు.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ వచ్చేవారు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో, పనికిరాని నీలం గుడ్డపీలికల మీద రాసేవారు. బినితకి వాళ్ళ దేశం బళ్ళో నేర్చుకున్న నాగరి లిపి వచ్చు. కమరున్నీసా గారికి ఉర్దూ వచ్చు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే తరగతి. పిల్ల గబగబా పట్టేసేది. ఆవిడ చేతిరాత మాత్రం మొదటి రోజు నుంచే ముత్యాల్లా ఉండేది.

మూడో రోజు నేను పలక మీద 'అమ్మ' అని రాయబోతుంటే కమరున్నీసా గారు నా చెయ్యి పట్టుకున్నారు. తల్లి లేని పిల్లకి మొదట్లోనే ఆ మాట ఎందుకని ఆపారేమో అనుకున్నాను. కాదు.

"టీచరుగారండీ, అక్షరాలు తర్వాత చెబుదురుగాని. పాఠం మధ్యలో బయటికెళ్ళాలంటే టీచర్ని ఏమని అడుగుతారండి బళ్ళో?"

"అదేమిటండీ, మీకు తెలుగు బాగానే వచ్చుగా," అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. పిల్ల గుడ్డపీలిక మీద సున్నాలు చుడుతోంది. ఆవిడ గొంతు తగ్గించి చెప్పారు.

ఏలూరులో ఐదో తరగతి దాకా ఉర్దూ బళ్ళో చదివారట. చదువులో ముందుండేవారట. ఆరో తరగతికి తెలుగు హైస్కూల్లో వేశారు. ఇంట్లో, వీధిలో అంతా ఉర్దూయే కాబట్టి అప్పటికి తెలుగు అంతంతమాత్రం. మొదటి వారంలోనే ఒకరోజు లెక్కల క్లాసులో బయటికి వెళ్ళాల్సి వచ్చింది. ఎలా అడగాలో తెలియలేదు. తప్పుగా అంటే నవ్వుతారని ఊరుకున్నారు. గంట కొట్టేదాకా ఆపుకోలేకపోయారు. బెంచీ కింద తడి చూసి పక్కపిల్ల అరిచింది. క్లాసంతా నవ్వింది. మాస్టారు మంచివారే, ఏమీ అనలేదు. ఇంటికి పంపించేశారు.

"మర్నాడు కడుపునొప్పన్నాను. ఆ మర్నాడూ అదే అన్నాను. మా అబ్బాజాన్ నెలరోజులు చూసి మిషను నేర్పించేశారండి. ఎందుకు మానేశానో మా అమ్మకి కూడా చెప్పలేదు."

నలభై ఏళ్ళ పైమాట అది. చెబుతుంటే ఇప్పటికీ ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నాకు నా క్లాసురూములు గుర్తొచ్చాయి. వేరే ఊరి నుంచి, వేరే భాష నుంచి వచ్చి మూల కూర్చున్న పిల్లలు ఎందరో ఉండేవారు. నేను అందరిచేతా మొదట అక్షరాలే దిద్దించాను. ఈ ప్రశ్న ఒక్కరోజూ నాకు తట్టలేదు.

పలక తుడిచేసి, బినితని నిలబెట్టి చెప్పాను.

"టీచర్, బయటికి వెళ్ళి రానాండీ?"

పిల్ల అనలేదు. కమరున్నీసా గారు లేచి, చిన్నపిల్లలా చెయ్యెత్తి, ఆ మాట అన్నారు. నేను వెళ్ళమన్నాను. గుమ్మం దాటి వెళ్ళి తిరిగొచ్చి కూర్చున్నారు. నాలుగుసార్లు అలా చేశాక బినిత కూడా చెయ్యెత్తింది. ఆ తర్వాత 'నాకు అర్థం కాలేదండీ', 'మళ్ళీ చెప్పండి', 'నా పేరు బినిత' అనడం వచ్చింది. మే నెలాఖరుకి ఆ పిల్ల మా వీధి కూరగాయల బండి దగ్గర బెండకాయలు ముదురుగా ఉన్నాయనేదాకా వచ్చింది. కమరున్నీసా గారిని నానీ అని, అంటే అమ్మమ్మా అని, పిలిచేది.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి రోజు కమరున్నీసా గారు మిషను ముట్టుకోలేదు. సాయంత్రం పిల్ల వచ్చి సంచీ దింపుకోగానే అడిగారు.

"అడగాల్సొచ్చిందా?"

"అడిగాను నానీ."

"ఏమన్నారు?"

"వెళ్ళు అన్నారు."

కమరున్నీసా గారు పెరట్లోకి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చి పిల్లకి అన్నం పెట్టారు.

నవంబరులో మార్కెట్లో కాపలా మనుషుల్ని తగ్గించారు. దిల్‌బహదూర్‌కి ఆకివీడు అవతల, కొల్లేటి పక్క ఒక చేపల చెరువు దగ్గర పని దొరికింది. బినితని తన దగ్గర వదిలి వెళ్ళమని కమరున్నీసా గారు అడిగారు. అతను చేతులు జోడించాడు.

"నాకు మిగిలింది ఇదొక్కతే దీదీ."

ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బడి నుంచి టి.సి. నేను తీసిపెట్టాను. వాళ్ళు బస్సెక్కిన రోజు ఆవిడ ఎప్పటిలాగే మిషను తొక్కుతూ కూర్చున్నారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇద్దరం గణపవరం మీదుగా ఆకివీడు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో చెరువు దగ్గరికి వెళ్ళాం. గట్టు మీద రేకుల గది. బినిత పొడుగు సాగింది. పిల్ల పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది, కొత్త బడి కబుర్లు గడగడా చెప్పింది. కమరున్నీసా గారు తెచ్చిన గౌను తొడిగి చూస్తే మోకాళ్ళ పైకే వచ్చింది. ఇంతలో గట్టు కింద నుంచి పింకీ అనే పిల్ల కేకేసింది. దోనె వచ్చిందట, అవతలి గట్టుకి వెళ్ళాలట.

"వెళ్ళొస్తా నానీ, ఇప్పుడే వచ్చేస్తా," అని బినిత వెళ్ళిపోయింది.

దిల్‌బహదూర్ మొహమాటపడి వెనక్కి పిలవబోయాడు. కమరున్నీసా గారు వద్దన్నారు. నీళ్ళ మీద కొంగలు వాలుతూ లేస్తూ ఉన్నాయి. గంటన్నర కూర్చున్నాం. ఆఖరి బస్సు తప్పిపోతుందని లేచేటప్పటికి ఇంకా పిల్లలు రాలేదు.

బస్సులో చాలా దూరం వచ్చాక అడిగాను.

"కష్టంగా అనిపించిందాండి?"

"అనిపించిందండి," అన్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "గౌను రెండంగుళాలు పొట్టయింది. ఈసారి మడత ఎక్కువ వదిలి కుట్టాలి," అన్నారు.