పరాయి పిల్ల పేరున మొక్కు

షుయ్‌లియెన్ కొట్టు మూసిందంటే తుఫాను వస్తోందని లెక్క. తైనాన్ పాతబస్తీలో ఆ సందు జనానికి వాతావరణ వార్తలకన్నా ఆమె రేకు తలుపు మీదే నమ్మకం ఎక్కువ. తల్లిని దహనం చేసి వచ్చిన మర్నాడు కూడా తెల్లారేసరికి పొయ్యి వెలిగించి, ముల్లంగి పిండి ముక్కలు వేయించిన మనిషి ఆవిడ. అలాంటిది, ఆకాశంలో మబ్బు తునక లేని ఒక శనివారం పూట తలుపు దించి "రెండు రోజులు సెలవు" అని అట్టముక్క తగిలించేసరికి సందంతా ఆరా తీయడం మొదలుపెట్టింది.

"పెళ్లికొడుకు దొరికాడా ఏంటి?" అన్నాడు త్యున్ మామ. సందు చివర భూమిదేవుడి గుడి ఊడ్చేది, తాళం వేసేది ఆయనే.

"అరవై దాటాక దొరికినవాణ్ణి నీకు చూపిస్తానా? దిష్టి తగలదూ! పిల్ల సోమవారం వెళ్లిపోతోంది. ఊరు చూపించాలి."

పిల్ల అంటే హుయెన్. రొయ్యల పెంపకం చదువుకోవడానికి వియత్నాం నుంచి వచ్చి, కొట్టు మీది గదిలో అద్దెకు దిగిన అమ్మాయి. వచ్చిన కొత్తలో ఇద్దరికీ సరిగ్గా మాట కలిసేది కాదు. షుయ్‌లియెన్‌ది పెడసరం నోరు, హుయెన్‌కి అర్థమయ్యేది సగమే. ఆ సగం అర్థం కాకపోవడమే మంచిదైంది. మెల్లగా ఆ పిల్ల సెలవురోజుల్లో కిందికి దిగి గుడ్డు అట్లు తిరగెయ్యడం, పాలచేప జావలో అల్లం సరిపోయిందో లేదో చూడటం నేర్చుకుంది. "పిన్నీ" అని పిలవడం మొదలుపెట్టింది. ఇంట్లో తల్లి పోయిన తరవాత షుయ్‌లియెన్‌ని ఏ వరసతోనైనా పిలిచిన మనిషి లేదు. వచ్చేవాళ్లంతా "రెండు అట్లు, ఒక సోయాపాలు" అని పిలిచేవాళ్లే.

శనివారం పొద్దున్నే స్కూటరెక్కారు. నడిపేది షుయ్‌లియెన్, వెనకాల నడుం పట్టుకుని హుయెన్. ఆన్‌పింగ్ కోట చూశారు. మడ చెట్ల మధ్య కాలవలో పడవెక్కారు. పడవవాడు ఇచ్చిన తాటాకు టోపీ పెట్టుకుని షుయ్‌లియెన్ బిగుసుకుని కూర్చుంటే హుయెన్ పగలబడి నవ్వింది.

"ఈ ఊళ్లోనే పుట్టారు కదా పిన్నీ, ఇదివరకు ఈ పడవ ఎక్కలేదా?"

"పెనం వదిలి వస్తే ఎక్కేదాన్ని. నువ్వు మాత్రం? ఇన్నాళ్లున్నావు, రొయ్యల తొట్లు తప్ప ఏం చూశావే?"

ఆ మాట అని నాలుక కరుచుకుంది. తొట్ల ఊసు ఎత్తకూడదని ఇంటి దగ్గరే అనుకుంది. ఆ కంగారులో దారిపొడవునా కొనడమే పనిగా పెట్టుకుంది. రొయ్యల అప్పడాలు, ఉప్పూ కారం చల్లిన జామకాయలు, చింతపండు నీళ్లు, పల్లీ చిక్కీ, మళ్లీ అప్పడాలు.

"పిన్నీ, చాలు. ఈ మూటతో నన్ను విమానం ఎక్కనివ్వరు."

"ఎక్కనివ్వకపోతే మంచిదే" అని అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మాటే కదా అసలు తంటా అంతా తెచ్చింది.

సంగతి ఇది. కిందటేడు హుయెన్ చదువు ఒక కొలిక్కి వచ్చింది. తొట్లలో రొయ్య పిల్లలు చక్కగా పెరుగుతున్నాయి, ఇంకొన్ని వారాల్లో లెక్కలు రాసుకుని ఇంటికి పోవడమే. చలికాలంలో చెల్లెలి పెళ్లి. అక్క చేతుల మీదుగా పెళ్లి కానుకల పళ్లేలు అందుకోవాలని చెల్లెలు ముచ్చటపడుతోందట. రాత్రీ పగలూ అదే కబురు. వింటున్నంతసేపూ షుయ్‌లియెన్ ఊఁ కొట్టేది, గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా పెట్టేది. ఉండిపోవే అని అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. అడిగితే కాదంటుందని భయం. మనిషిని అడగలేనిదాన్ని దేవుణ్ణి అడిగింది.

ఒకరోజు కొట్టు కట్టేశాక భూమిదేవుడి ముందు నిలబడింది. ఆ తెల్లగడ్డం తాత దగ్గర వంకర టింకర మాటలు కుదరవు. ఎవరి కోసం అడుగుతున్నావో వాళ్ల పేరు, పుట్టినరోజు, చిరునామా విడమరిచి చెప్పాలి. లేకపోతే ఆయన ఎవరింటికని పోతాడు? అన్నీ చెప్పింది. ఈ పిల్ల ఇంకొక్క ఏడాది ఇక్కడే ఉండేలా చూడు తాతా, నీకు గుడి ముందు బొమ్మలాట ఆడిస్తాను, అని మొక్కింది. దేవుడి జవాబు తెలిపే చంద్రవంక చెక్కలు రెండూ నేల మీద వేసింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. సరే అన్నాడు. మళ్లీ వేసింది. మళ్లీ సరే. మూడోసారీ అంతే. ఆయన అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు.

వారం తిరక్కుండా హుయెన్‌కి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, ఇక్కడ తొట్లలో నీళ్లు మార్చే దిక్కు లేక రొయ్య పిల్లలన్నీ చచ్చాయి. పని మళ్లీ మొదటినుంచీ చెయ్యాల్సి వచ్చింది. సరిగ్గా ఒక ఏడాది. చెల్లెలి పెళ్లి హుయెన్ కొట్టు వంటింట్లోనే చూసింది, సెల్‌ఫోను పిండి డబ్బాకు ఆనించి. పక్కన కూర్చున్న షుయ్‌లియెన్ వెక్కి వెక్కి ఏడిస్తే, హుయెనే ఆవిడ వీపు నిమిరి, "ఊరుకోండి పిన్నీ, మీ ఇంట్లో పెళ్లిలా ఏడుస్తారేంటి" అంది.

బొమ్మలాట మాత్రం ఆడించలేదు. ఆడిస్తే, నేనే అడిగాను, నువ్వే ఇచ్చావు అని ఒప్పుకున్నట్టే కదా. గుడి ముందు నుంచి పోవడం మానేసి చుట్టుతిరుగుడు దారిలో కూరలకు వెళ్లడం అలవాటు చేసుకుంది.

ఆ శనివారం పొద్దు వాలేవేళ సముద్రపు గట్టు మీద కూర్చుని అప్పడాలు నములుతూ హుయెన్ అంది: "రేపు పొద్దున్న మన సందు తాత దగ్గరికి వెళ్దాం పిన్నీ. దండం పెట్టకుండా ఎలా పోతాను?"

షుయ్‌లియెన్ అప్పడాల మూట ముడేసింది. "ఆయన దగ్గరేముంది చూడ్డానికి? అగ్గిపెట్టెంత గుడి. కన్ఫ్యూషియస్ గుడికి పోదాం, పెద్దది."

"త్యున్ మామ నాకు అన్నీ చెప్పాడులెండి. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరు తాత ముందు కూర్చుని నేలకు తల కొట్టుకుని ఏడ్చారట. మా అమ్మ కూడా అంత ఏడ్చి ఉండదు. మీరేమో నాకు ఒక్కమాట చెప్పలేదు."

ఏడ్చిన మాట నిజమే. ఎందుకేడ్చిందో త్యున్ మామకేం తెలుసు? ఇచ్చింది వెనక్కి తీసుకో తాతా, పోనీ, పంపించెయ్ దాన్ని, అని ఏడ్చింది. అప్పుడు చెక్కలు వెయ్యడానికి చేతులు రాలేదు. ఇప్పుడు ఈ పిల్ల కృతజ్ఞత వింటుంటే, నిలువునా కోస్తున్నట్టుంది. చెప్పెయ్యాలి అనుకుంది. స్కూటరు ఎక్కేలోపు అనుకుంది, సందు మొదలు వచ్చేలోపు అనుకుంది. ఇంటికొచ్చి, "జావ తాగుతావా?" అంది.

ఆదివారం హుయెన్ తనే వెళ్లి పళ్లు, పల్లీలు, మెత్తని బియ్యప్పిండి బిళ్లలు తెచ్చి దేవుడి ముందు అమర్చింది. అగరొత్తులు పట్టుకుని, ఆ సందు జనం మాట్లాడే భాషలో పదాలు కూడబలుక్కుంటూ పైకే చెప్పుకుంది. తన పేరు. పుట్టినరోజు. కొట్టు చిరునామా. "తాతా, నన్ను బతికించావు. మా పిన్నిని బాగా చూసుకో." షుయ్‌లియెన్ స్తంభం చాటున కుక్కిన పేనులా నిలబడింది.

సంతోషమేనా అని అడగడానికి హుయెన్ చెక్కలు వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే దేవుడు నవ్వాడు, జవాబు లేదు. మళ్లీ వేసింది. మళ్లీ నవ్వాడు. త్యున్ మామ చీపురు ఆపి దగ్గరికొచ్చాడు. ఇంకోసారి వేస్తే మళ్లీ అదే.

"ఎవరో మొక్కిన మొక్కు తీర్చలేదు, అందుకే నవ్వుతున్నాడు" అన్నాడు. "ఏమ్మా, ఏమన్నా మొక్కి మరిచిపోయావా?"

"నేనెప్పుడూ ఏమీ మొక్కలేదు మామా."

"నీ పేరు చెబితేనే కదా నవ్వుతున్నాడు. గుర్తు తెచ్చుకో."

హుయెన్ పాపం నిజంగానే గుర్తు తెచ్చుకుంటోంది. కళ్లు మూసుకుని, తప్పు తనదేనేమోనని వెతుక్కుంటోంది. అది చూడలేకపోయింది షుయ్‌లియెన్.

"అది మొక్కలేదు. నేను మొక్కాను" అంది.

అంతా చెప్పేసింది. త్యున్ మామ మొదటి రెండు మాటలకే చీపురు పట్టుకుని గుడి వెనక్కి వెళ్లిపోయాడు. హుయెన్ మాత్రం కదల్లేదు.

"నా పేరు చెప్పారా?"

"చెప్పాను."

"పుట్టినరోజు మీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా. ఆ రోజు పంది కాలు, సన్న సేమ్యా వండిపెట్టాను. నిండు నూరేళ్లు బతకాలని."

హుయెన్ వంగి చెక్కలు రెండూ ఏరింది. తరవాత, "నా చెల్లి పెళ్లి, పిన్నీ" అంది. తిట్టి ఉంటే షుయ్‌లియెన్‌కి కాస్త ఊపిరాడేది.

"జ్వరం రావాలని అడగలేదే. నా తల్లి సాక్షిగా. ఉండాలని మాత్రమే అడిగాను. ఆయన అలా ఇస్తాడని..."

"జ్వరం దోమ తెచ్చింది. చదువుకున్నాను, ఆ మాత్రం తెలుసు. తాతను ఎందుకంటారు? కానీ నేను ఇంటికి పోకూడదని ఒకరు కోరుకున్నారు. అది దోమ కోరలేదు కదా."

ఏడాదిగా దేవుడి మీదకు కొంత, తన మీదకు కొంత పంచుకుంటూ వచ్చిన తప్పు ఒక్కసారిగా మొత్తం షుయ్‌లియెన్ ఒళ్లోకే వచ్చి పడింది.

"ఏం ఇస్తానన్నారు?"

"బొమ్మలాట."

"ఇవాళే ఆడించండి. నా పేరున తీరని మొక్కు పెట్టుకుని నేను విమానం ఎక్కను. మా ఊళ్లోనూ ఎవరూ అలా బయల్దేరరు."

ఆదివారం పూట బొమ్మలాటవాడు దొరకడం మాటలా? త్యున్ మామ ఎవరెవరికో ఫోన్లు చేసి, బతిమాలి, ఒకణ్ణి పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం ఎండలో చిన్న వ్యాను వచ్చి గుడికి ఎదురుగా ఆగింది. వ్యాను తలుపు తెరిస్తే అదే రంగస్థలం. ఆటగాడు ఎర్రకాగితం తీసి, "భక్తుల పేరు?" అన్నాడు.

"ఇద్దరి పేర్లూ..." అని షుయ్‌లియెన్ మొదలుపెట్టబోయింది.

"ఆవిడ పేరు ఒక్కటే రాయండి" అంది హుయెన్.

అలాగే రాశాడు. ఆ సందులో ఆ పేరు ఎప్పుడూ కొట్టు బోర్డు మీద కూడా లేదు. మొదటిసారి ఇలా కనబడింది, అందరూ చదివేలా.

మైకు గీపెడుతుంటే చేతిబొమ్మలు కత్తులు తిప్పాయి, గాల్లో పల్టీలు కొట్టాయి. దేవుడి కోసం ఆడే ఆటకు మనుషులు చూడాలన్న నియమం లేదు, ఎవరూ రాలేదు కూడా. రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద వీళ్లిద్దరే. మధ్యలో ఇంకో స్టూలు పట్టేంత ఎడం. హుయెన్ చూద్దామనుకున్నవి ఇంకా ఎన్నో మిగిలిపోయాయి. ఆ పూటంతా ఇక్కడే కరిగిపోయింది. అదీ నేనే తినేశాను అనుకుంది షుయ్‌లియెన్. ఒక ముసలి బొమ్మ తెర వెనక నుంచి జారిపడితే హుయెన్ ఫక్కున నవ్వబోయి, పక్కకు చూసి, ఆపుకుంది.

ఆట అయ్యాక మొక్కు తీరిందని దేవుడికి చెప్పాలి. షుయ్‌లియెన్ చేతులు జోడించి హుయెన్ పేరు చెప్పింది, పుట్టినరోజు చెప్పింది, అలవాటుగా కొట్టు చిరునామా మొదలుపెట్టింది.

"అది కాదు పిన్నీ" అంది హుయెన్ మెల్లగా. "రేపటినుంచి అక్కడ ఉండను కదా. నా చిరునామా నేనే చెప్పుకుంటాను."

పక్కన నిలబడి కళ్లు మూసుకుంది. ఈసారి పైకి చెప్పలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఊరి పేరో, వీధి పేరో, తండ్రి పేరో షుయ్‌లియెన్‌కి తెలియలేదు. చెక్కలు వేస్తే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. దేవుడికి ఇక ఏ ఫిర్యాదూ లేదు.

సోమవారం పొద్దున హుయెన్ పైగది ఊడ్చి, తాళం రెండు చేతులతో ఇచ్చింది. "వస్తాను పిన్నీ, ఆరోగ్యం జాగ్రత్త" అంది. అప్పడాల మూట తీసుకెళ్లింది. రైలు కదిలినప్పుడు చెయ్యి ఊపింది కూడా. మర్యాదలో ఏ లోపమూ చెయ్యలేదు. చిరునామా అడుగుదామని స్టేషన్ దాకా అనుకుంటూనే ఉంది షుయ్‌లియెన్. మొహం చెల్లలేదు.

వచ్చేటప్పుడు చుట్టుతిరుగుడు దారి పట్టలేదు. నేరుగా గుడికి వెళ్లింది. ఏమీ కోరకూడదని ఒట్టు పెట్టుకునే వెళ్లింది. పిల్ల క్షేమంగా ఇల్లు చేరితే చాలు, అంతే. పేరు చెప్పింది. పుట్టినరోజు చెప్పింది. తాత గడ్డం నిమురుకుంటూ తరవాతి మాట కోసం చూస్తున్నట్టే ఉన్నాడు.

ఎక్కడ ఉంటుంది ఆ పిల్ల? ఏ ఊరు? ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఏం తింటావని వెయ్యిసార్లు అడిగింది. ఉండిపోతే బాగుండునని అనుకోని రోజు లేదు. మీ ఇల్లు ఎక్కడే అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

జోడించిన చేతులు అలాగే కాసేపు ఉంచి, దించేసి, కొట్టు తెరవడానికి వెళ్లింది.