ముగ్గుపిండితో గీసిన ఊరు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారనీ, సమ్మిళిత అభివృద్ధికి ఒక ఉదాహరణ కావాలనీ, నువ్వు ఆ రోజుల్లో పల్లెల్లో పనిచేశావు కదా పెద్దమ్మా, ఏదైనా మంచిది చెప్పమనీ అడిగింది. మంచిదే కావాలట. రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను గానీ ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు, పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో ఒక గాలి వీచింది, పథకాలు పైనుంచి ఊడిపడకూడదనీ, ఊరివాళ్ళే కూర్చుని తమకేం కావాలో తేల్చుకోవాలనీ. రాజమండ్రిలో డిగ్రీ ముగించి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరిన నాకు ఆ గాలి బాగానే సోకింది. నూలు చీర, భుజాన గుడ్డసంచి, వచ్చే ఏడాదికల్లా లోకాన్ని బాగుచేసేస్తానన్న ధీమా. ద్రాక్షారామం దాటాక బస్సు దిగి కాలువగట్టు మీద గంటసేపు నడిస్తే వచ్చే ఊరు నాకు అప్పగించారు. సగం ఊరు వరి పండించేవాళ్ళు, సగం గోదావరి పాయలో వేటకు వెళ్ళేవాళ్ళు. ఊరికీ ఏటికీ నడుమ ఎత్తైన ఏటిగట్టు ఉండేది, గట్టుకి అవతల, నీళ్ళ వైపు, కొన్ని తాటాకు ఇళ్ళుండేవి. పేదవాళ్ళకి గట్టు లోపల మెరక మీద శ్లాబు ఇళ్ళు కట్టించాలన్నది పథకం. ఎవరెవరికి అన్నది ఊరివాళ్ళు గీసే పటాన్ని బట్టే తేల్చాలి.

కాగితం, కలం ఇస్తే చదువు రానివాళ్ళు వెనక్కి జరుగుతారనీ, నేల మీద ముగ్గుపిండితో గీయిస్తే ఆడవాళ్ళే ముందుకొస్తారనీ మాకు శిక్షణలో చెప్పారు. నిజంగానే వచ్చారు. బడి ఆవరణంతా కళ్ళాపి చల్లి, కాలువ, గట్టు, వీధులు గీసి, ఒక్కో ఇంటికి ఒక్కో గడి వేసి, ఇంట్లో ఎందరుంటే అన్ని చింతపిక్కలు పెట్టి, నవ్వుకుంటూ, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ ఊరు ఊరంతా నేల మీదికి దించేశారు. గట్టు అవతల మూడు గడులు వేశాక పిండి పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆవిడ పక్కావిడ మొహం చూసింది, పక్కావిడ తల అడ్డంగా ఊపింది, చెయ్యి ఇవతలికి జరిగిపోయింది. నేను చూశాను. చూసి కూడా, ఎండెక్కుతోందన్న కంగారులో పటాన్ని కాగితం మీదికి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను.

ఆ కాగితాన్ని మా ఆఫీసు గోడకి అంటించి, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ చూపించేవారు. నన్ను మెచ్చుకునేవారు కూడా. మెచ్చుకుంటున్నప్పుడల్లా నా కళ్ళు మాత్రం గట్టు గీతకి అవతల జానెడు ఖాళీ దగ్గరికే పోయేవి.

వైశాఖంలో శ్లాబులు పడ్డాయి. గట్టు అవతలి మూడు కుటుంబాలూ పాలు పొంగించుకుని లోపలికి వచ్చేశాయి. అప్పుడు, ఇసుక మోస్తున్న ఒకావిడ మాటల మధ్య చెప్పింది, అవతల ఇంకా ఒక ఇల్లుందనీ, అందులో కోడలూ, మంచాన పడ్డ అత్తగారూ మిగిలారనీ. పటం గీయడానికి తొమ్మిది రోజుల ముందే ఆ ఇంటాయన వేటకెళ్ళి ఏట్లో పోయాడట. చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు పడదు. ఈ సంగతి నాకు తెలియనిదా? మా నాన్నమ్మ పోయినప్పుడు మా వాకిలి అన్నాళ్ళూ బోసిగానే ఉంది. కానీ ఆ రోజు నాకది పటం, వాళ్ళకి ముగ్గు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగెత్తాను. ఇళ్ళ పని చూసే అధికారి చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించి మరీ చెప్పాడు. "ప్రజలు గీసుకున్న పటం కదమ్మా, మనం చెయ్యి పెడితే ఎలాగండి? అయినా అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆవిడ వచ్చి అడగొద్దా?" వచ్చే ఏడాది జాబితాలో చూద్దామన్నాడు. మొగుడు పోయి ఇల్లు కదలని మనిషి ఎక్కడికొచ్చి అడుగుతుందని నేను అనలేదు. అనాల్సింది. సరేనండి అని లేచి వచ్చాను.

ఆషాఢంలో ఏటికి ఎర్రనీరు వచ్చింది. శ్రావణం రాకముందే రేడియోలో ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, మర్నాటికి రెండోది. రోడ్లు మునిగి బస్సులు ఆగిపోయాయి, నేను రాజమండ్రిలో రేడియో పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం తప్ప చేసిందేమీ లేదు. నీరు తీశాక ట్రాక్టరెక్కి వెళ్ళేసరికి శ్లాబు ఇళ్ళన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. గట్టు అవతల మాత్రం బురద తప్ప ఏమీ లేదు. పక్కన మూడిళ్ళ వాళ్ళు ఉన్న రోజుల్లో అయితే ఒక కేకకి నలుగురు వచ్చేవారు. ఆ రోజు కోడలు ఒక్కతే అత్తగారిని నులకమంచంతో సహా నావలోకి ఎక్కించబోతే నావ ఒరిగిపోయిందట. కోడలు ఒడ్డుకి చేరింది. ముసలావిడ దొరకలేదు.

బడి వరండాలో గోడకానుకుని కూర్చున్న ఆ మనిషి నన్ను చూసి తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ చీర సర్దుకుని లేచి నిలబడింది. "ఊళ్ళోవాళ్ళనేం అనకండి. పటం గీసినవేళ పొద్దున్న మా వదిన వచ్చి, మీ ఇల్లూ వెయ్యమంటావా అని అడిగితే, మైల ఇల్లు, ముగ్గు వెయ్యొద్దని నేనే చెప్పానండి. తమరొక్కసారి గట్టు దిగొచ్చి అడిగుంటే, పుల్లతో గీసి చూపించేదాన్నండి."

 

ఆ ఊళ్ళో ఇప్పుడు తాటాకిల్లు ఒక్కటీ లేదట, గట్టు మీద తారురోడ్డు పడిందట, సగం పొలాలు రొయ్యల చెరువులయ్యాయట. బాగుపడలేదంటే కళ్ళు పోతాయి. జాబితాలన్నీ ఇప్పుడు ఎక్కడో కూర్చునే తయారుచేస్తున్నారు, పేరు ఎందుకు లేదో ఎవరినడగాలో ఊళ్ళో ఎవరికీ తెలియదట. ఆ రోజుల్లో మేం ఊళ్ళోకి నడిచి వెళ్ళేవాళ్ళం, వాళ్ళ అరుగుల మీద కూర్చుని మజ్జిగ తాగేవాళ్ళం, పిల్లల పేర్లు మాకు నోటికి వచ్చేవి. అంత దగ్గరగా వెళ్ళి కూడా ఆ గట్టు దిగి నేను అడగలేదు. ఇప్పుడు అంత దగ్గరగా వెళ్ళేవాళ్ళే లేరు.