మంచు కార్డు పంపి నేను చనిపోయిన క్రిస్మస్

మొన్న ఆరాధన అయిపోయాక మా సంఘం యువకులు నన్ను చుట్టుముట్టారు. "తాతా, క్రిస్మస్‌కు టపాల కార్డులు పంపుడు ఇంకా అవసరమా? ఇడిసిపెడితే ఏం పోతది?" అని అడిగారు. ఇడిసిపెడితే ఏం పోతుందో నాకు తెలియదు. పంపితే ఏం పోతుందో మాత్రం పాలమూరు జిల్లాలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మనిషి ప్రాణం పోతుంది. నేను ఒక కార్డు పంపి చనిపోయాను. ఎవరో నన్ను చంపలేదు, నా చేతులతో నేనే తపాలా బిళ్ల అంటించి మరీ చనిపోయాను. పైగా నా కోసం ఏడ్చిన ఏడుపును మిద్దె మీద నిలబడి రెండు చెవులా విన్నాను. అంతటి భాగ్యం మహారాజులకు కూడా దక్కదు.

అది నిజాం కాలం. నారాయణపేటకు దగ్గరలో ఒక పల్లె, అందులో మిషను వారి బడి, ఆ బడికి నేను పంతులును. పంతులు అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. ఒక మట్టి మిద్దె, నాలుగు చాపలు, ఒక నల్లబల్ల. వారమంతా అది బడి, ఆదివారం అదే గుడి. బైబిలు వాక్యం చదువుకొని కొత్తగా వచ్చాను కాబట్టి భక్తి నాలో పొంగిన పాలలా గిన్నె బయటికి కారుతుండేది. కోడి కూస్తే, కోడి కూయకముందే యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురు గుర్తుకొచ్చి, పాపం ఆ కోడికి కూడా పశ్చాత్తాపం బోధించేవాణ్ణి.

ఇంట్లో నేనూ మా అవ్వా. అమ్మా నాయినా కలరాలో పోతే అవ్వే కూలికి పోయి నన్ను సాకింది. నాకు పెళ్లి చేస్తే ఆమె పని తీరిపోతుంది. సంబంధం కూడా కుదిరింది. మక్తల్ దిక్కు ఒక పల్లెలో సంఘపెద్ద జకరయ్య, ఆయన బిడ్డ రాహేలు. ఆ పిల్లను నేను ఒకే ఒక్కసారి, సంఘాలన్నీ కూడిన సభల్లో చూశాను. పందిరి కింద లేచి నిలబడి కీర్తన అందుకుంది. ఆ గొంతు విన్నాక ప్రసంగం ఎవరు చేశారో, దేని మీద చేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఇంటికి వచ్చాక జొన్నచేలలో గాలి వీచినా నాకు ఆ కీర్తనే వినిపించేది. పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి. పిల్లలు తెలివైనవాళ్లు, నన్ను లేపకుండా బయటికి పోయి గోలీలు ఆడుకునేవాళ్లు.

జకరయ్య మామ ఒక మాట గట్టిగా చెప్పి పోయాడు. "అవ్వా, పిల్లగాడు నచ్చిండు. ప్రధానం ఏనాడో మీరే ఖరారు చేసి, పసుపు పెట్టి ఉత్తరం పంపుండ్రి. క్రిస్మస్ లోపల రావాలె. రాకుంటే రాయచూరు దిక్కుకెళ్లి ఇంకో సంబంధం ఒచ్చింది, ఇగ గాళ్లకే మాటిస్త."

ప్రధానం అంటే మా నిశ్చితార్థం. నాలుగు మూలలా పసుపు రాసిన ఉత్తరం వస్తే మంచి కబురు. పసుపు లేకుండా వస్తే చావు కబురేనని, ఇంట్లోకి తేకముందే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కాలం అది. ఇది మా పల్లెల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ నేను వాక్యం చదువుకున్నవాణ్ణి కదా!

సరిగ్గా అప్పుడే మిషను బంగ్లా దొరసాని నాకు ఒక కార్డు ఇచ్చింది. వాళ్ల దేశం నుంచి వచ్చిన పాత కార్డుల్లో రాసిన పేర్ల మీద తెల్లకాగితం అతికించి ఆమె బడిపిల్లలకు బహుమతిగా పంచేది. ఆ కార్డు చూడగానే నా మతి పోయింది. మంచు కురిసిన రాత్రి. ఒక గుడి, దాని కప్పంతా తెలుపు. గుడి చుట్టూ తోట, తోటనిండా తెల్లటి మంచు, ఆ మంచులోంచి పైకి లేచిన రాతి సిలువలు. కిటికీల్లో పసుపుపచ్చ వెలుగు, పైన ఒక్కటే నక్షత్రం. వేలితో తడిమితే మంచు మీద మెరుపు పొడి గరగరలాడేది. మా ఎర్రనేలల్లో, మా రాళ్లగుట్టల మధ్య, వాన చినుకే చుట్టంలా వచ్చిపోయే చోట, ఆ తెలుపు చూస్తుంటే పరలోకానికి ఎవరో కిటికీ తెరిచినట్లు ఉండేది. నేను కళ్లు మూసుకునేవాణ్ణి. మక్తల్ చేల మీద మంచు పడుతుండేది. గుడి తలుపు తెరుచుకొని రాహేలు బయటికి వచ్చేది, ఆమె కొంగు మీద నక్షత్రపు పొడి రాలేది. అవ్వ "బువ్వ సల్లారిపోతుంది" అని అరిచేదాకా మంచు కురుస్తూనే ఉండేది.

ఈ కార్డే మామకు పంపాలని తీర్మానించాను. పేరు మామది, చూడవలసింది రాహేలు. లోపల ఏం రాయాలి? దొరసానికి వచ్చే కార్డుల్లో ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక వరుస, దాని కింద పంపినవాళ్ల పేరు, అంతే. గొప్పవాళ్ల పద్ధతి అదే కాబోలు అనుకున్నాను. ఇంత బొమ్మ మాట్లాడుతుంటే మధ్యలో నా మాటలెందుకు? ప్రధానం తేదీ కూడా రాయలేదు. బొమ్మ కింద గుండ్రంగా "సామ్యేలు" అని రాసి కవరులో పెట్టాను.

అవ్వ పసుపు గిన్నెతో వచ్చింది.

"జరంత నాలుగు మూలలకు పెట్టు బిడ్డా."

"అవ్వా, మనం విశ్వాసులం. మంచి కబురుకు పసుపెందుకు? యేసు పుట్టిండని చెప్పేటందుకు దేవదూత గొల్లవాళ్ల దగ్గరికి పసుపు పూసుకొని వచ్చిండా?"

"దూత మనిషి ముంగటికొచ్చి నోటితోని చెప్పిండు. నువ్వు కవరు పంపుతున్నవ్."

"అవిశ్వాసం, అవ్వా!"

"కూరల ఏస్తే విశ్వాసం, కవరుకు రాస్తే అవిశ్వాసమా? ఏం సదువురా నీది!"

నేను జాలిగా నవ్వాను. అసలు భయం వేరే ఉంది: ఆ పసుపు కవరులోకి ఇంకితే నా మంచు పాడైపోతుంది. ఆ మాట పైకి చెప్పకుండా, పాతాచారాల మీద చిన్న ప్రసంగం చేసి, నారాయణపేట పోయి కార్డును టపాలో వేసి వచ్చాను. వచ్చే దారంతా నేల మీద నడిచానో లేదో ఆ దేవుడికే తెలియాలి.

అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తాను, లేకపోతే రాబోయే గోల మీకు అర్థం కాదు. టపా మనిషి జకరయ్య మామ వాకిట్లో కవరు పట్టుకొని నిలబడ్డాడు. అత్త చూసింది. ఒక మూల చూసింది, తిప్పి ఇంకో మూల చూసింది, నాలుగూ చూసింది. పసుపు లేదు. సంఘానికి వాక్యం చెప్పే ఊరి ఉపదేశి పండగ పని మీద పోయి ఉన్నాడు, చదివేవాళ్లు లేరు. టపా మనిషే కార్డు బయటికి తీశాడు.

"బొమ్మ ఉంది. పైన ఇంగ్రీజు, నాకు రాదు. కింద సామ్యేలు అని ఉంది."

అందరూ బొమ్మలోకి తొంగి చూశారు. మంచు అనేదాన్ని ఆ ఊళ్లో ఎవరూ కలలో కూడా చూడలేదు. వాళ్లకు కనిపించింది గుడి, గుడి పక్కన సున్నం వేసిన సమాధులు, సిలువలు, వాటి కింద నా పేరు.

"ఎంత పనైపాయె!" అని అత్త కూలబడింది.

"ఇంగ్రీజుల రాయించిన్రంటే దొరలే పెట్టించిన్రు సమాధి," అన్నాడు మామ, కండువాతో కళ్లు ఒత్తుకొని. "పంతులు శానా మంచోడు. గందుకే గింత పెద్ద గుడి కాడ జాగా ఇచ్చిన్రు."

బండి కట్టారు.

ఇక ఇక్కడ నా సంగతి. పండగ ముందురోజు, పొద్దు వాలుతున్న వేళ, బడి ముందర క్రిస్మస్ ఆట సాధన జరుగుతోంది. గొల్లవాళ్ల వేషాలకు మా సంఘంలోని నిజమైన మేకల కాపరులే, మేకలు కూడా నిజమైనవే. నేను దేవదూతను. అవ్వ దుప్పటి ఒంటి మీద, వెదురు బద్దలకు కాగితం అతికించిన రెక్కలు వీపు మీద, మొహానికి సుద్దపిండి. పరలోకం నుంచి దిగే దూత కాబట్టి బడి మిద్దె మీదికి ఎక్కాను. ఎర్రటి ఎండ ఏటవాలుగా రెక్కల మీద పడుతోంది. దూరంగా జొన్నచేలు బంగారంలా ఊగుతున్నాయి. నేను మళ్లీ కలలోకి జారాను. ఈపాటికి కార్డు చేరి ఉంటుంది, రాహేలు దాన్ని దిండు కింద పెట్టుకొని ఉంటుంది...

అప్పుడు వినిపించింది ఏడుపు. గుట్ట మలుపు నుంచి ఒక ఎడ్లబండి వస్తోంది. అందులోంచి రాగాలు.

"ఒక్కనాడన్న మా ఇంట్ల బువ్వ తినకపోతివి కొడుకో!"

ఆ ఏడుపుల మధ్య ఒక గొంతు నా ఎముకల్లోకి దిగింది. సభల్లో విన్న గొంతే. ఎవరో పోయారని అర్థమైంది. ఎవరా అని ఆలోచించకుండా, నాలోని బోధకుడు ముందుకు దూకాడు. దుఃఖంలో ఉన్నవాళ్లను ఓదార్చడం నా ధర్మం. పైగా దూత వేషంలో ఉన్నాను, చెప్పవలసిన మాట నోట్లో సిద్ధంగా ఉంది. రెండు చేతులూ చాచి, రెక్కలు ఊపి, గొంతెత్తి అరిచాను:

"భయపడకండి!"

బండి ఆగింది. ఏడుపు ఆగింది. మామ తల పైకెత్తాడు. సుద్దమొహంతో, రెక్కలతో, ఆకాశానికి ఆనుకొని కాబోయే అల్లుడు నిలబడి ఉన్నాడు. మామ రెండు మోకాళ్ల మీద పడ్డాడు. అత్త బండి కిందికి దూరింది. ఎడ్లు కాడి విదిలించుకొని పరుగెత్తాయి, వాటిని చూసి మేకలు పరుగెత్తాయి, మేకల వెనక గొల్లవాళ్లు పరుగెత్తారు. బేత్లెహేము అంతా ఒక్క నిమిషంలో ఖాళీ అయిపోయింది.

"మామా, నేనే!" అన్నాను.

"ఎరుకైంది నాయినా," అన్నాడు మామ దండం పెట్టి. "మొన్ననే పోతివి, గప్పుడే రెక్కలు గూడ ఇచ్చిన్రా? నీ భక్తి ఊరికే పోలే."

అవ్వ లోపలినుంచి చీపురుతో వచ్చింది. "ఎవరే పండగపూట నా వాకిట్ల ఏడుస్తుండ్రు? ఏమైంది?"

"నీ మనుమడు పోయిండంట కదా పెద్దమ్మా!" అంది అత్త బండి కింద నుంచే.

"నీ నోట్ల మన్ను! పొద్దుగాల మూడు రొట్టెలు తిన్నడు. దిగరా కిందికి!"

నిచ్చెన మీద దిగుతుంటే ఒక రెక్క విరిగింది. దూత ఒంటిరెక్కతో కింద నిలబడ్డాడు. మామ లేచి నా చేయి గిల్లి చూశాడు, వెచ్చగానే ఉంది. అప్పుడు జేబులోంచి కార్డు తీశాడు. ఆయన మొహంలో దుఃఖం పోయి ఇంకేదో వచ్చింది.

"మరి గిదేంది?"

"క్రిస్మస్ కార్డు మామా. శుభాకాంక్షలు."

"శుభమా? పసుపేది?"

నేను అవ్వ వైపు చూడలేదు.

"గీ తెల్ల సమాధులేంది?"

"అది మంచు మామా. ఆకాశంకెళ్లి పడ్తది. సీమ దేశంల."

"సీమల పడితే మక్తల్‌ల నా బిడ్డ ఎందుకు ఏడ్వాలె? దారెంబడి ఎన్ని ఊర్లు దాటినమో, ఊరూరికి 'అల్లుడు పోయిండు' అని చెప్పుకుంటొచ్చిన. మల్లిపోయేటప్పుడు ఏం చెప్పాలె? రెక్కలొచ్చినయని చెప్పాల్నా?"

"చెప్పిన పసుపు పెట్టుమని!" అని అవ్వ చీపురు నా వైపు తిప్పింది. "ఇన్నడా! దూత పసుపు పూసుకొని వచ్చిండా అని నన్నే అడిగిండు. ఇప్పుడు సూడు దూత గతి!"

మామ కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు. "తేదీ రాయలే, పసుపు పెట్టలే, సావు కబురు పంపిండు. గీ తెలివికి పిల్లనెట్ల ఇయ్యాలె అవ్వా? ఎడ్లను పట్టుకొస్త. రాయచూరోళ్లకు మాటిస్త."

నా కలలోని మంచు అంతా ఒక్కసారిగా నెత్తి మీద పడింది. విరిగిన రెక్క పట్టుకొని నిలబడ్డాను. అవ్వ చీపురు కింద పెట్టింది. నా మూలంగా ఆమె పని తీరకుండానే పోతోంది.

అప్పుడు బండిలోంచి మాట వినిపించింది.

"నాయినా."

రాహేలు. కళ్లు ఉబ్బి, మొహం ఎర్రబడి, జుట్టు రేగి ఉంది. నక్షత్రపు పొడి ఎక్కడా లేదు, దారి దుమ్ము ఉంది. నా కలలో వచ్చిన పిల్ల కన్నా వెయ్యి రెట్లు బాగుంది.

"ఏంది బిడ్డా?"

"ఇంటికాడ మొదలుపెట్టి గీడిదాంక గాయన కోసం ఏడ్సిన. ఊరూరు ఇన్నది. రాయచూరాయనను చేసుకున్నంక, రేపు గాయన పోతే ఏడ్వాలె కదా? నా కాడ ఇగ కండ్లనీళ్లు లేవు. ఉన్నయన్నీ గీ రెక్కలాయనకే అయిపోయినయి."

ముందు బండి కింద నుంచి అత్త నవ్వింది. తర్వాత అవ్వ. చివరికి మామ మూతి బిగబట్టి, బిగబట్టలేక, కండువా అడ్డం పెట్టుకొని నవ్వాడు. "సావుకు ఒచ్చినోళ్లం ఉత్త చేతులతోని ఎట్ల పోతం?" అన్నాడు. మర్నాడు క్రిస్మస్ ఆరాధన కాగానే ప్రధానం జరిగింది. నా సమాధి మీద కప్పడానికి తెచ్చిన కొత్త ధోవతిని నేనే కట్టుకున్నాను. మా ఉపదేశి ప్రార్థన మొదలుపెట్టి, నన్ను చూసి రెండుసార్లు నవ్వి, మూడోసారి ఆమేన్ అన్నాడు.

యువకులారా, ఇదీ కార్డు సంగతి. ఆ ఆచారం మంచిదా అంటే మంచిదే. దూరంలో ఉన్న మనిషిని తలచుకొని ఒక బొమ్మ ఎంచుకోవడం, ఆ బొమ్మలో వాళ్లను నడిపించి చూసుకోవడం, అదంతా ప్రార్థనకు చుట్టమే. దాన్ని వదిలిపెట్టకండి. నా మట్టుకు నేను సంఘం ముందర నిలబడి, కుడిచేయి పైకెత్తి చేసిన ప్రమాణం ఒకటుంది: ఈ జన్మలో మళ్లీ ఎవరికీ కార్డును టపాలో వెయ్యను. అందుకే ప్రతి క్రిస్మస్‌కూ కార్డు చేతిలో పట్టుకొని, ఎంత దూరమైనా నేనే పోతాను. వాకిట్లో నిలబడి గట్టిగా దగ్గుతాను. నేను బతికే ఉన్నానని ఇంటిల్లిపాదీ కళ్లారా చూశాకే కార్డు ఇస్తాను.